నుకుస్‌ వెళ్ళాలా, ఖీవాతోనే వెనక్కి తిరగాలా?

పటంపిచ్చి: ఉజ్బెకిస్తాన్ వెళ్ళే మనవాళ్ళు సమర్‌ఖండ్, బుఖారా, ఖీవా చూసి తిరుగుముఖం పడుతున్నారు. ఆ దేశంలోనే వాయవ్యాన ఉన్న కరకల్పకస్తాన్ ప్రాంతపు రాజధాని నుకుస్‌కు రెండు రాత్రులు ఇవ్వాలని నా గట్టి అభిప్రాయం. ఊరు అందమైనదని చెప్పను. సోవియట్ నాటి వెడల్పాటి రోడ్లు, దుమ్ము, అంతే. వెళ్ళేది సవిత్‌స్కీ మ్యూజియం కోసం. 1950లో తవ్వకాల బృందంతో వచ్చిన ఇగోర్ సవిత్‌స్కీ, స్టాలిన్ కాలంలో తొక్కేసిన చిత్రకారుల బొమ్మలను మాస్కోకు దూరంగా ఇక్కడ పోగుచేశాడు. 1966లో మ్యూజియం తెరిచారు. సోమవారం మూసి ఉంటుంది, దాన్నిబట్టి రోజులు చూసుకోండి. ఏప్రిల్-మే, సెప్టెంబర్-అక్టోబర్ మంచివి. జూలైలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది.

నాలుగురోజులసెలవు: ఖీవా నుంచి పొద్దున్నే బయల్దేరి, మొయ్నాక్‌లో అరల్ సముద్రం ఎండిపోయి ఇసుకలో మిగిలిన ఓడలు చూసి రాత్రికి వచ్చేయొచ్చు కదా? నుకుస్‌లో పడుకోవడం దేనికి?

పటంపిచ్చి: ఖీవా-నుకుస్ సుమారు 200 కి.మీ., అక్కడి నుంచి మొయ్నాక్ ఇంకో 200. రానూపోనూ 800. ఓడల దగ్గర మీకు గంట కూడా మిగలదు, మ్యూజియం అసలే ఉండదు.

నాలుగురోజులసెలవు: డ్రైవర్లు ఒప్పుకుంటున్నారు. అంటే కుదురుతుందనేగా?

పటంపిచ్చి: డ్రైవరు ఒప్పుకోవడం వేరు, ఆ దారి వేరు. మొయ్నాక్ దారిలో కుంగ్రాద్ ఊరి వైపు చాలాచోట్ల గతుకులు. తిరుగు ప్రయాణం చీకట్లో అవుతుంది.

జొన్నరొట్టె: శాకాహారులకు ఒక మాట. కూరగాయల సూప్ అన్నా మాంసం ఉడికించిన నీళ్ళే పోస్తారు. గుమ్మడికాయ సమ్సా (పొయ్యిలో కాల్చే సమోసా)లోనూ కొవ్వు కలుపుతారు, అడిగి తినండి. నమ్మదగినవి నాన్, టమాటా-ఉల్లి సలాడ్, కొరియా వాళ్ళ క్యారెట్ సలాడ్, పెరుగు. మాంసం తినేవాళ్ళయితే జువేరీ గుర్తిక్ వదలొద్దు. జొన్నపిండి ముద్దలు, మాంసం, పులుసు. జొన్న తినే మనకు ఆ రుచి కొత్త కాదు.

కాలువచివర: ఎండిన సముద్రం ముందు ఫోటోలు దిగడానికి అంత దూరం పోవాలా? పైగా వచ్చినవాళ్ళంతా పత్తి రైతునే తిడతారు. కాలువ చివరి భూమి ఉన్నవాళ్ళకు తెలుస్తుంది నీళ్ళ విలువ.

పటంపిచ్చి: రైతును ఎవరు తిట్టారండీ? ఏం పండించాలో మాస్కో నిర్ణయించింది. ఆము దర్యా, సిర్ దర్యా నదుల నీళ్ళు అరల్ సముద్రంలో కలవడం వృథా అన్నారు, పత్తికి మళ్ళించారు. ఆము దర్యా నీళ్ళు తీసుకెళ్ళే కరకుమ్ కాలువ 1954లో మొదలుపెట్టారు, అడుగున లైనింగ్ లేదు, ఇసుకలో ఇంకిపోయిన నీరే బోలెడు. ఒకప్పుడు ప్రపంచంలో నాలుగో పెద్ద సరస్సయిన అరల్ 1989కల్లా రెండు ముక్కలైంది.

కాలువచివర: "వృథా" అన్న మాట పట్టుకుని మమ్మల్ని అంటున్నారు, నాకు తెలుసు. అరల్‌కు ఆ రెండు నదులే దిక్కు. బంగాళాఖాతం ఎండిపోదు. ఆ కథ తెచ్చి కృష్ణా, గోదావరులకు అంటగట్టకండి.

జొన్నరొట్టె: సముద్రం ఎండదు, నిజమే. డెల్టా చౌడెక్కుతుంది. నదిలో మంచినీరు తగ్గితే దివిసీమలో ఉప్పునీరు పైకి ఎగదన్నుతుంది. నష్టపోయేదీ రైతే.

కాలువచివర: మరి నీళ్ళు వదిలేసి పైవాళ్ళు పస్తులుండాలా? అరల్‌కు తిరిగి నీళ్ళు వచ్చాయా ఎవరు వదిలితే?

పటంపిచ్చి: వచ్చాయి, ఉత్తరాన. కజక్‌స్తాన్ వైపు 2005లో కొక్-అరల్ ఆనకట్ట కట్టి, సిర్ దర్యా నీటిని దక్షిణానికి జారిపోకుండా ఆపారు. నీటిమట్టం పెరిగింది, ఉప్పు తగ్గింది, చేపలు వచ్చాయి. మొయ్నాక్ వైపు అది జరగలేదు. నీరు అక్కడికి 100 కి.మీ. పైనే దూరం. చూడాలంటే ఫోర్ వీల్ జీపు, రెండు రోజులు, ఒక రాత్రి గుడారంలో. వాన పడితే ఉప్పు బురదలో చక్రాలు దిగబడతాయి, అందుకే ఒంటి జీపులో పోవద్దు.

నాలుగురోజులసెలవు: రెండు రాత్రులూ నుకుస్‌కే పెడుతున్నా. ఓడలు మాత్రం చూస్తా.

పటంపిచ్చి: చూడండి. దారిలో పొలాల మీద తెల్లటి పొర కనిపిస్తుంది, అది ఉప్పు. విత్తే ముందు మళ్ళలో నీళ్ళు నిలబెట్టి కడుగుతారు, లేకపోతే పత్తి మొలవదు.

కాలువచివర: కడిగిన నీళ్ళు ఎటు పోతాయి?

పటంపిచ్చి: మురుగు కాలువల్లోకి, అక్కడి నుంచి ఎడారి పల్లాల్లోకి. సరికమిష్ సరస్సు నిండింది అలాంటి నీళ్ళతోనే.