చివర్లో "మీరేమంటారు?" అని పెడితే ఎవరైనా ఏమైనా అంటారా?

పాతపెన్ను
రెండేళ్లుగా రాస్తున్నా. ప్రతి వ్యాసం చివరా "దీనిపై మీ అభిప్రాయం ఏమిటి?" అని ఒక వాక్యం తగిలిస్తూ వచ్చా, అలా పెడితే చదివినవాళ్లు నోరు విప్పుతారని ఎవరో చెబితే నమ్మి. ఎవరూ విప్పలేదు. మా చెల్లెలు మాత్రం రెండుసార్లు "బాగుంది అన్నయ్యా" అంది, అది చర్చ కింద రాదు కదా.

మొన్న పాత వ్యాసం ఒకటి బయటికి తీశా, స్నేహితుల మధ్య అప్పుల గురించి. మొదలు ఇలా ఉండేది: "డబ్బు దగ్గర స్నేహాలు నిలవవని పెద్దలు అంటారు. నేటి కాలంలో ఈ సమస్య మరీ ఎక్కువైంది." చదువుతుంటే నాకే ఆవలింత వచ్చింది. కొట్టేసి ఇలా రాశా: "వాడికి అప్పిచ్చి ఎనిమిది నెలలైంది. నిన్న కొత్త ఫోన్ నా చేతిలో పెట్టి, కెమెరా ఎలా ఉందో చూడరా అన్నాడు. చూశా. బాగుందన్నా. డబ్బు సంగతి అడగలేదు. అడక్కపోవడం మర్యాద అని ఇన్నాళ్లూ అనుకున్నా, రాత్రి పడుకున్నాక మాత్రం అది మర్యాదో పిరికితనమో తేల్చుకోలేకపోయా." చివర ప్రశ్న పెట్టలేదు. రెండు రోజుల్లో ముప్పై మందికి పైగా రాశారు.

అందుకే అంటున్నా, ఆ చివరి ప్రశ్న దండగ. మనకు తేలని చోటు ఎక్కడుందో దాచకుండా చూపిస్తే జనం వాళ్లే మాట్లాడతారు. కాదనేవాళ్లు రండి.

ముక్కుసూటి
ఒక్క వ్యాసంతోనే తేల్చేశారా! మీరు మార్చింది చివరి వాక్యం కాదు, మొత్తం వ్యాసాన్నే. ఫోన్ కథ కింద ప్రశ్న ఉన్నా ఆ ముప్పై మందీ వచ్చేవాళ్లు. తప్పు ప్రశ్నది కాదండీ, మీరు అడిగిన ప్రశ్నది. "మీ అభిప్రాయం ఏమిటి" అంటే పరీక్ష పేపర్లో "వ్యాసం వ్రాయుము" అన్నట్టుంటుంది, ఎవరికి ఓపిక? "అప్పు తిరిగి అడిగినప్పుడు మీరు ఏ మాటతో మొదలుపెట్టారు?" అని అడిగి చూడండి. దానికి ఆలోచించక్కర్లేదు, గుర్తు తెచ్చుకుంటే చాలు.

రాత్రిబండి
అన్నా ఇదంతా సరే, ముందు వాణ్ణి అడిగెయ్. ఎనిమిది నెలలంటే వాడు మర్చిపోయినట్టే. నేనైతే "అర్జెంటుగా అవసరం పడింది" అని అబద్ధం చెప్పి వసూలు చేసుకున్నా.

చిన్నక్షరం
మీరిద్దరూ మరీ మెత్తగా మాట్లాడుతున్నారు. జనం కదలాలంటే ఒక పక్కన గట్టిగా నిలబడి రాయాలి, కాస్త తప్పుగా రాసినా నష్టం లేదు. సరైన జవాబు కావాలంటే ప్రశ్న అడక్కు, తప్పు జవాబు చెప్పు, సరిదిద్దడానికి పరిగెత్తుకొస్తారు అని కన్నింగ్‌హామ్ సూత్రం ఉంది కదా. 1995లో మొదటి వికీని, అంటే చదివేవాళ్లే దిద్దగలిగే వెబ్‌సైట్‌ను, తయారుచేసిన వార్డ్ కన్నింగ్‌హామ్. ఊరికే అంటాడా?

ముక్కుసూటి
ఆయన ఊరికే కూడా అనలేదు. ఆ సూత్రానికి ఆయన పేరు తగిలించింది వేరే ఆయన, ఆ మాట తనది కాదని కన్నింగ్‌హామే చెప్పాడు. అయినా మీరు చెప్పిన ఈ తప్పును సరిదిద్దడానికి నేను పరిగెత్తుకొచ్చాను చూడండి, కాబట్టి మీ సూత్రం పనిచేసిందనే ఒప్పుకోవాలి, కర్మ. కానీ కావాలని తప్పు రాశారని ఒకసారి తెలిస్తే, రేపు మీరు నిజం రాసినా ఇందులో మెలిక ఎక్కడుందో అని వెతుకుతారు.

లెక్కలపంతులు
ముప్పై మంది వచ్చారని పాతపెన్ను గారు మురిసిపోతున్నారు, ఎవరూ రాలేదని అంతకుముందు బాధపడ్డారు. రెండూ అనవసరమే. వెబ్‌సైట్లను జనం ఎలా వాడతారో పరిశీలించే జాకబ్ నీల్సన్ 2006లో ఒక లెక్క చెప్పాడు: వందలో 90 మంది చదివి వెళ్లిపోతారు, 9 మంది ఎప్పుడైనా ఒక మాట అంటారు, ఎక్కువ భాగం రాసేది మిగిలిన ఆ ఒక్కరే. ఇది మోటు లెక్క, అన్ని చోట్లా ఒకేలా ఉండదు. మౌనంగా చదివినవాళ్లను కూడా లెక్కలోకి తీసుకోమనే చెబుతున్నా.

రెండోది, మాటలు ఎక్కువ పడ్డంత మాత్రాన అది చర్చ అయిపోదు. పార్కిన్సన్ అనే బ్రిటిష్ రచయిత 1957లో ఒక కమిటీ కథ చెప్పాడు. అణు రియాక్టర్ పద్దును రెండున్నర నిమిషాల్లో ఆమోదించి, సైకిల్ షెడ్డు మీద 45 నిమిషాలు కొట్టుకుంటారు. రియాక్టర్ గురించి నోరెత్తాలంటే ఏదో ఒకటి తెలిసుండాలి, షెడ్డు గురించి అందరికీ తెలుసు. అప్పు సంగతీ అంతే, అది షెడ్డు. పైన రాత్రిబండిని చూడండి, ఇక్కడి విషయం వదిలేసి బాకీ వసూలు చేయిస్తున్నాడు. అదే మీరు నిద్ర ఎలా పనిచేస్తుందో ఆరు పేజీలు రాయండి, ఇద్దరు స్పందిస్తారు. ఆ ఇద్దరిలో ఒకరు మీ తప్పు పట్టుకుంటే నా దృష్టిలో ముప్పై కంటే అదే ఎక్కువ.

రాత్రిబండి
పంతులుగారూ, బాకీ కూడా విషయమే!

కిటికీపక్కసీటు
అందరూ వ్యాసం గురించే మాట్లాడుతున్నారు, వ్యాసం తర్వాత రాసినాయన ఏం చేస్తాడన్నది ఎవరూ పట్టించుకోలేదు. నేను ఎక్కువగా చదివే రకం, రాసేది తక్కువ, పంతులుగారి 90లో ఉన్నాననుకోండి. ఒకసారి చాలా ఆలోచించి, చెరిపి, మళ్లీ రాసి, పది వాక్యాలు పంపా. రచయిత జవాబు: "ధన్యవాదాలండీ 🙏". ఇక ఆపైన ఏం రాయాలి? తలుపు మెల్లగా మూసినట్టే. ఇంకొకాయన మాత్రం నా మూడో వాక్యం పట్టుకుని "మీరు అక్కడ 'ఎప్పుడూ' అన్నారు, నిజంగా ఎప్పుడూనా?" అని అడిగాడు. మొదట ఒళ్లు మండింది, తర్వాత ఆ రాత్రి మేమిద్దరం ఒంటిగంట దాకా రాసుకుంటూనే ఉన్నాం, మధ్యలో ఇంకో నలుగురు వచ్చి చేరారు. ఆ వ్యాసం దేని గురించో కూడా ఇప్పుడు సరిగ్గా గుర్తులేదు.

చిన్నక్షరం
ఇది ఒప్పుకుంటా. అయితే రోజంతా జవాబులిస్తూ కూర్చుంటే ఇంక రాసేదెప్పుడు?

కిటికీపక్కసీటు
అందరికీ అక్కర్లేదండీ. మొదట వచ్చిన ఇద్దరు ముగ్గురికి సరిగ్గా చెబితే చాలు, మిగతావాళ్లు వాళ్లను చూసి వస్తారు. మొదటివాడు వెటకారం చేస్తే వెనకాల వచ్చేవాళ్లూ అదే పని మీద ఉంటారు, అది చాలాసార్లు చూశా.

ముక్కుసూటి
పాతపెన్ను గారూ, నా ప్రశ్న ఇంకా అలాగే ఉంది. మీకు తేలని చోటు చూపిస్తే జనం దాని గురించి మాట్లాడతారన్నారు. ఆ ముప్పై పైచిలుకులో దాని గురించి మాట్లాడినవాళ్లు ఎంతమంది?

పాతపెన్ను
ఇప్పుడే కూర్చుని లెక్కపెట్టా. మొత్తం 34. "అడిగెయ్" అన్నవాళ్లు 21, తమ అప్పుల కథ చెప్పుకున్నవాళ్లు 9. మర్యాదా పిరికితనమా అన్నదాని జోలికి వచ్చింది నలుగురే. కాబట్టి పంతులుగారి షెడ్డు దెబ్బ నాకు గట్టిగానే తగిలింది, చూపిస్తే చాలన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. చివరి ప్రశ్న దండగ అన్నది మాత్రం తీసుకోను.

ఆ నలుగురిలో ఒకావిడ ఇలా రాశారు: "మీ కథలో అప్పు తీసుకున్నది నేననుకోండి. ఎవరూ అడక్కపోతే, అడిగేదాకా ఇవ్వాలనిపించదు, ఇచ్చేదాకా మొహం చూపించాలనిపించదు. నా స్నేహితురాలు అడిగిన రోజు సిగ్గు కంటే ముందు హమ్మయ్య అనిపించింది." నేను అటువైపు నుంచి చూడనే లేదు. ఆవిడకు నేనిచ్చిన జవాబు ఏమిటో తెలుసా, "ధన్యవాదాలండీ". ఉండండి, వెళ్లి సరిగ్గా రాసొస్తా.