పాలిథిన్ పట్టా చుట్టినా అరటి, బొప్పాయి ఆకులు నల్లబడ్డాయి

పెరటితోట:
నిన్న సాయంత్రమంతా శ్రమించి అరటికీ బొప్పాయికీ తల నుంచి మొదలు దాకా పాలిథిన్ పట్టా చుట్టి, తాడుతో బిగించి కట్టాను. తెల్లవారి విప్పి చూస్తే పట్టా తగిలిన చోటల్లా ఆకు ఉడకబెట్టినట్టు నీరుకారి నల్లబడి ఉంది. ఉదయం నుంచి వెతుకుతున్నాను. ఒకరు కప్పమంటారు, ఒకరు వద్దంటారు. దయచేసి ఎవరైనా తేల్చి చెప్పండి.

ముక్కుసూటి:
కుండీలో ఉన్నాయా, నేలలోనా? రాత్రి ఉష్ణోగ్రత ఎంత? ఇవి తెలియకుండా ఎవరూ ఏమీ చెప్పలేరు.

పదశోధి:
ముందుగా మాట తేల్చుకోవాలి. పొగమంచునూ, ఆకుమీద గడ్డకట్టే మంచునూ మనం ఒక్క ‘మంచు’తోనే సరిపెడతాం కనుకనే ఈ గందరగోళం. అరటికి సుమారు 14 డిగ్రీల దిగువన ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది. సున్నాకు పైనే అయినా పది డిగ్రీల లోపు చలి చాలా రోజులు కొనసాగితే ఆకులు పసుపు తిరుగుతాయి, అది చలిదెబ్బ. కణాల్లోని నీరు గడ్డకట్టి పొరలు చిట్లితే అది మంచుదెబ్బ. రెండూ ఒకటి కావు.

పెరటితోట:
థర్మామీటరు 2 డిగ్రీలు చూపింది. అరటి నేలలో ఉంది, బొప్పాయి పెద్ద కుండీలో ఉంది. చలికి ఎండిపోకూడదని దానికి రోజూ నీళ్లు పోస్తున్నాను.

పదశోధి:
2 డిగ్రీలంటే సున్నాకు పైనే కదా, కాబట్టి మంచుదెబ్బ అనడం సరికాదు.

పాదులగట్టు:
మంచుదెబ్బ అనడం సరైనదే. థర్మామీటరు చెప్పేది గాలి సంగతి. మబ్బు, గాలి లేని రాత్రి ఆకు తన వేడిని ఆకాశానికి వదిలేసి చుట్టూ ఉన్న గాలికన్నా రెండు మూడు డిగ్రీలు ఎక్కువ చల్లబడుతుంది. పలుచని పాలిథిన్ కూడా అలాగే చల్లబడి, తనను అంటుకున్న ఆకు వేడిని లాగేస్తుంది. పైగా మీరు మొదలు దగ్గర బిగించి కట్టడంతో నేల నుంచి వచ్చే కాస్త వెచ్చదనం లోపలికి రాలేదు. నాలుగు కర్రలు పాతి, ఆకుకు తగలకుండా పాత దుప్పటి గుడారంలా నేల దాకా దించండి, ఎండ రాగానే తీసేయండి. అరటి నల్లబడిన ఆకులను ఇప్పుడే కోయకండి, అవి లోపలి మొవ్వుకు కాస్త రక్షణ. పైభాగం మొత్తం పోయినా దుంప బతికితే పిలకలు వస్తాయి. బొప్పాయి కుండీని లోపలికి చేర్చి, పైమట్టి వేలికి పొడిగా తగిలేదాకా నీళ్లు ఆపండి. చల్లటి తడిమట్టిలో దాని వేర్లు కుళ్లడానికి ఎన్నో రోజులు పట్టదు.

ముక్కుసూటి:
కానీ నేలలో ఉన్న అరటికి సాయంత్రానికి మట్టి తడిగా ఉండాలి. పొడి మట్టికన్నా తడి మట్టి పగటి వేడిని ఎక్కువగా నిలుపుకుంటుంది.

పాదులగట్టు:
అది నిజమే. అయితే మొదలు చుట్టూ ఎండుగడ్డి మందంగా పరిస్తే ఆ వేడి రాత్రి పైకి రాదు. దుంపను కాపాడాలంటే గడ్డి పరచాలి, ఆకును కాపాడాలంటే పరచకూడదు. నేనైతే దుంపవైపే ఉంటాను.

పదశోధి:
ఆకు తన వేడిని ఆకాశానికి వదిలేయడం వల్ల పట్టే ఈ మంచును ‘వికిరణ మంచు’ అంటే అందరికీ స్పష్టంగా ఉంటుంది.

పెరటితోట:
కుండీ గదిలోకి చేర్చాను, కర్రలు పాతుతున్నాను. ధన్యవాదాలు.