సెన్షూర్‌ను ‘హెచ్చరిక’ అనవచ్చునా?

పోలీసు అధికారికి సెన్షూర్ (జరిగిన తప్పును నిందిస్తూ రాతపూర్వకంగా వేసే చిన్న శిక్ష) విధించారన్న వార్త వచ్చినప్పుడల్లా పత్రికల్లో ఒకరు ‘మందలింపు’ అనీ, మరొకరు ‘హెచ్చరిక’ అనీ రాస్తున్నారని, ఈ రెండూ ఒకటేనా అని నిన్న ఒక సోదరి అడిగారు. ఒకటి కావని నా అభిప్రాయం.

1991 నాటి ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల (వర్గీకరణ, నియంత్రణ, అప్పీలు) నియమావళి పోలీసులకూ వర్తిస్తుంది. అందులో 9వ నియమం శిక్షలను చెబుతుంది. చిన్న శిక్షల్లో మొదటిది సెన్షూర్. పదోన్నతి ఆపడం, నష్టాన్ని జీతం నుంచి రాబట్టడం, ఇంక్రిమెంటు నిలపడం ఆ తర్వాత వస్తాయి. హెచ్చరిక ఆ పట్టికలోనే లేదు. సెన్షూర్ వేయాలంటే 22వ నియమం ప్రకారం ఆరోపణను రాతపూర్వకంగా తెలిపి, సంజాయిషీ చెప్పుకొనే అవకాశం ఇవ్వాలి. కేంద్ర ఉద్యోగుల విషయంలోనైతే, క్రమశిక్షణ విచారణ జరిపి తప్పు తేలాక హెచ్చరికతో సరిపెట్టరాదని, కనీసం సెన్షూరైనా వేయాలని సిబ్బంది శాఖ ఆదేశాలున్నాయి.

ఇక మాట సంగతి. తిరుమల కనుమదారిలో బోర్డులు చదివే అలవాటున్న మనకు తెలుగు ‘హెచ్చరిక’, తమిళ ‘ఎచ్చరిక్కై’, కన్నడ ‘ఎచ్చరికె’ తోబుట్టువులని వేరే చెప్పనక్కరలేదు. కన్నడంలో ‘ఎచ్చర’ అంటే మెలకువ. కొలువులో రాజు వచ్చేముందు వేసే ‘హెచ్చరిక’ కేకలోనూ ఆ మెలకువే ఉంది, నింద లేదు. అంటే హెచ్చరిక రాబోయేదాన్ని చూస్తుంది. సెన్షూర్ జరిగిపోయిన తప్పును పట్టుకుంటుంది. ‘ఇకపై జాగ్రత్తగా ఉండవలెను’ అన్న ఒక్క వాక్యం చూసి ఉత్తర్వు మొత్తాన్ని హెచ్చరిక అనేయడం వల్లనే ఈ గందరగోళమంతా.

సెన్షూర్‌కు తెలుగు మాటగా ‘అభిశంసన’ అర్థం చేత సరిపోతుంది. శంస్ ధాతువుకు ‘ప్ర’ చేరితే మెచ్చుకోలు, ‘అభి’ చేరితే నింద. ఒకే సర్వీసు రికార్డులో ప్రశంసా, అభిశంసనా పక్కపక్కన కూర్చోవడం నాకు ముచ్చటగానే తోస్తుంది. అయితే ఆ మాట వినగానే పాఠకుడి మనసు న్యాయమూర్తుల తొలగింపు తీర్మానం మీదికి పోతుంది.

ఒక పాఠకురాలి ప్రత్యుత్తరం: అయ్యా, ‘మందలింపు’కూ చిక్కుంది. మా వియ్యంకులది తెలంగాణ. వాళ్లింట మందలించడమంటే పలకరించడం. నెల్లూరు వైపు ‘ఏంది మందల’ అంటే సంగతేమిటని. ఎస్పీగారు ఎస్సైని మందలించారంటే మా వియ్యపురాలు కుశలమడిగారనే అనుకుంటారు.

నిజమేనమ్మా, అది నాకు తట్టలేదు. అయినా చిత్తూరు, తిరుపతి పాఠకులకు ఆ మాట కోప్పడటమే. కాబట్టి వార్తలో ‘మందలింపు శిక్ష’ అని రాయమంటాను. ‘శిక్ష’ను మాత్రం వదలకూడదు. నోటిమాటగా కోప్పడి పంపేస్తే అప్పుడు ఉత్త మందలింపు అనవచ్చు. ఉత్తర్వులో అయితే ‘సెన్షూర్’ అనే ఉంచడం మేలు, ఎందుకంటే అప్పీలు చేసుకొనే కానిస్టేబులుకు తనకు పడింది 9వ నియమంలోని శిక్షేనని ఆ ఒక్క మాటతోనే తెలుస్తుంది.