ప్రొడక్షన్ సర్వర్లలో స్క్రీన్ రీడర్ ఉండాలా? చూపులేని అడ్మిన్‌కి పవర్‌షెల్ ఒక్కటే చాలా?

తూనీగ:
నాకు చూపు లేదు. విండోస్ సర్వర్ల అడ్మిన్‌గా పనిచేస్తున్నాను. మా సంస్థ సెక్యూరిటీ విభాగం కొత్తగా ఒక నిబంధన పెట్టింది: ప్రొడక్షన్ సర్వర్లలో, అంటే అసలు పని నడిచే సర్వర్లలో, ఏ స్క్రీన్ రీడరూ (తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) నడవకూడదు. "మీకు పవర్‌షెల్ ఉంది కదా, డెస్క్‌టాప్‌తో ఏం పని?" అంటున్నారు. పవర్‌షెల్ అంటే ఆదేశాలు టైప్ చేసి పని చేయించే చోటు. తోటి అడ్మిన్లకు మాత్రం రిమోట్ డెస్క్‌టాప్ ఎప్పటిలాగే ఉంది.

ఈ సంగతి తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. రిమోట్ డెస్క్‌టాప్ అవతలి తెరను బొమ్మగా పంపిస్తుంది. బటన్ పేరేమిటి, ఏ పెట్టెలో టిక్కు ఉంది, ఫోకస్ ఎక్కడుంది అన్న వివరాలు ఆ బొమ్మలో రావు. నా లాప్‌టాప్‌లో ఉన్న ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఆ విండో పేరు చదివి ఆగిపోతుంది. లోపలిది చదవాలంటే సర్వర్‌లో కూడా ఒక స్క్రీన్ రీడర్ నడవాలి. దాన్ని వద్దన్నారంటే నన్ను రిమోట్ డెస్క్‌టాప్ వాడొద్దన్నట్టే. నా మట్టుకు ఇది వివక్షే. మీరేమంటారు?

పాతకాపు:
తూనీగ గారూ, నాకూ చూపు లేదు. ఈ పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. సెక్యూరిటీ వాళ్లు చెప్పిన తీరు బాగాలేదు, సలహా మాత్రం మంచిదే. పవర్‌షెల్‌లో ఇన్వోక్-కమాండ్ అనే ఆదేశంతో ఒకేసారి ఎన్నో సర్వర్లలో చేసే పనిని డెస్క్‌టాప్‌లో ఒక్కోదానిలోకీ వెళ్లి చేయడం ఎందుకు? విండోస్ సర్వర్ 2019 నుంచి ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌ని (దూరం నుంచి కమాండ్ లైన్‌లోకి వెళ్లే దారి) కావాలంటే చేర్చుకోవచ్చు, 2025లో ముందే ఇన్‌స్టాల్ అయి వస్తోంది. సర్వర్ కోర్ అనే రకం విండోస్ సర్వర్‌లో మామూలు డెస్క్‌టాప్ ఊసే లేదు. మన చేతికి బాగా అలవాటైన దారి ఇదే. దీన్ని వదిలి బొమ్మల వెంట పడడం నాకు నచ్చదు.

రాత్రి_షిఫ్ట్:
నాకు చూపుంది. మా జట్టులో ఒకరికి లేదు. పాతకాపు గారి మాట రోజువారీ పనుల వరకు నిజం. కానీ బ్యాకప్ సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్ చేయాల్సి వస్తే? ఆ సర్వర్ మీదే విజార్డ్ తెరిచి నెక్స్ట్, నెక్స్ట్ నొక్కుకుంటూ పోవాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి. కమాండ్ లైన్‌లో ఇన్‌స్టాల్ చేసే వీలే ఇవ్వని కంపెనీలున్నాయి. అలాంటప్పుడు ఆయన పక్కన నేను కూర్చుని తెర చదివి వినిపిస్తున్నాను. పని ఆయనకు పూర్తిగా తెలుసు, ఆగిపోయేది ఆ తెర దగ్గరే. అర్ధరాత్రి ఆయన ఒక్కరే డ్యూటీలో ఉంటే ఎవర్ని లేపాలి?

ఇంకొకటి. షెల్‌లోనూ ఇబ్బందులున్నాయి. స్క్రీన్ రీడర్ ఉందని పసిగడితే విండోస్‌తో పాటు వచ్చే పవర్‌షెల్ హెచ్చరిక చూపించి, టైప్ చేసే వరుసను దిద్దుకోవడానికి సాయపడే పీఎస్‌రీడ్‌లైన్‌ని ఆపేస్తుంది. వెడల్పాటి టేబుల్ వస్తే ఏ అంకె ఏ నిలువు వరసలోదో వినేవాళ్లకు తెలియదు. మా జట్టులో ఆయన అన్నిటినీ ఫార్మాట్-లిస్ట్‌తో వరుసకొకటిగా మార్చుకుని వింటారు.

కాపలా_గది:
నేను సెక్యూరిటీ వైపు మనిషిని, మా భయం కూడా వినండి. స్క్రీన్ రీడర్ మీరు నొక్కే ప్రతి కీని పట్టుకుంటుంది, ప్రతి విండోనూ చదువుతుంది. ఇన్‌స్టాల్ చేసిన కాపీ అయితే అడ్మిన్ హక్కులతో నడిచే ప్రోగ్రాముల్లోకి కూడా చూస్తుంది. దాని పని అదే, కాదనను. కానీ ఎన్‌వీడీఏకి అదనంగా చేర్చుకునే యాడ్ఆన్లకు విడిగా కంచె లేదు, ఎన్‌వీడీఏకి ఉన్న హక్కులన్నీ వాటికీ ఉంటాయి. పైగా 2025.1 వెర్షన్ నుంచి రిమోట్ యాక్సెస్ అందులోనే కలిసి వస్తోంది. మధ్యలో రెండు మెషీన్లను కలిపే ఒక రిలే సర్వర్, రెండు వైపులా ఒకే తాళం మాట. ఆ మాట తెలిసినవాళ్లు అవతలి మెషీన్‌ని నడిపించగలరు. సంస్థలో అందరి లాగిన్లనూ చూసే డొమైన్ కంట్రోలర్ మీద దీనికి నేను సంతకం పెట్టలేను.

తూనీగ:
కాపలా గారూ, మీరు రెండు వేర్వేరు సంగతులను ఒకే గాటన కట్టారు. రిలే సర్వర్ ద్వారా వెళ్లేదాన్ని నేను అడగడం లేదు, దాన్ని నిషేధించండి. నేను అడుగుతున్నది రిమోట్ డెస్క్‌టాప్ నడిచే ఆర్‌డీపీ ప్రోటోకాల్‌లోనే ఉన్న వర్చువల్ చానెల్, అంటే అదే కనెక్షన్‌లో వేరే సమాచారం వెళ్లే దారి. జాస్ స్క్రీన్ రీడర్ రిమోట్ సెషన్‌లో పనిచేసేది ఆ దారిలోనే. ఎన్‌వీడీఏకి ఆర్‌డీయాక్సెస్ అనే యాడ్ఆన్ చేసేదీ అదే. సర్వర్‌లోని స్క్రీన్ రీడర్ చెప్పాల్సిన మాటను అక్షరాలుగా పంపిస్తుంది, నా లాప్‌టాప్ దాన్ని పలుకుతుంది, బ్రెయిలీ డిస్‌ప్లేకీ అందిస్తుంది. కొత్త పోర్టు తెరవక్కర్లేదు. అదే 3389, అదే లాగిన్. చూపున్నవాళ్ల క్లిప్‌బోర్డ్, డ్రైవ్ షేరింగ్ కూడా ఇలాంటి చానెళ్లలోనే నడుస్తున్నాయి. వాటికి మీ దగ్గర అనుమతి ఉందా లేదా?

బయటి సాఫ్ట్‌వేరే వద్దంటే డెస్క్‌టాప్ ఉన్న విండోస్ సర్వర్‌లో మైక్రోసాఫ్ట్ స్క్రీన్ రీడర్ నరేటర్ ముందే ఉంది. కంట్రోల్, విండోస్, ఎంటర్ కలిపి నొక్కితే మొదలవుతుంది. కాకపోతే దాని మాట శబ్దంగా రావాలి. సర్వర్లలో విండోస్ ఆడియో సర్వీస్ సాధారణంగా ఆగి ఉంటుంది, దాన్ని ఎవరో ఒకరు మొదలుపెట్టాలి. పెట్టాక కూడా కీ నొక్కిన కాసేపటికి గానీ మాట వినపడదు, లైన్ బాగాలేకపోతే ముక్కలు ముక్కలుగా వస్తుంది. నేను చాలా వేగంగా వింటాను. బాణం కీ నొక్కిన వెంటనే పలకకపోతే ఏ అంశం మీద ఉన్నానో తెలియకుండానే ఎంటర్ కొట్టే ప్రమాదం ఉంది. ప్రొడక్షన్‌లో అసలు భయపడాల్సింది దానికి. అక్షరాలుగా వచ్చేదానికీ, శబ్దంగా వచ్చేదానికీ ఉన్న ఈ తేడా నిబంధనలు రాసేవాళ్లకి తెలియడం లేదు.

కాపలా_గది:
చానెల్ విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను. క్లిప్‌బోర్డ్‌కి అనుమతి ఇచ్చి దీన్ని ఆపడానికి నా దగ్గర కారణం లేదు. యాడ్ఆన్ల సంగతి మాత్రం అలాగే ఉంది. ఒక జంప్ సర్వర్ (మిగతా సర్వర్లను చేరడానికి ముందుగా వెళ్లే మెషీన్) పెట్టి, అందులో ఎన్‌వీడీఏ, మేం పరిశీలించిన ఒకే ఒక్క యాడ్ఆన్ ఉంచుదాం. సెక్యూర్ మోడ్‌లో నడిపితే కొత్త యాడ్ఆన్లు చేర్చడానికీ, ఎన్‌వీడీఏ లోపల కోడ్ నడిపే పైథాన్ కన్సోల్ తెరవడానికీ వీలుండదు. మిగతా సర్వర్లను అక్కడి మేనేజ్‌మెంట్ కన్సోళ్లతో చూసుకోవచ్చు.

పాతకాపు:
ఇది బాగుంది. నా దగ్గరా ఇదే పద్ధతి.

రాత్రి_షిఫ్ట్:
నేను చెప్పిన విజార్డ్ మాటేమిటి? జంప్ సర్వర్ నుంచి ఆ సర్వర్‌కి మళ్లీ ఆర్‌డీపీ పెడితే మళ్లీ బొమ్మే కదా. సమస్య ఒక గడప అవతలికి జరిగింది, అంతే.

తూనీగ:
అవును. అందుకే జంప్ సర్వర్‌తో సరిపెట్టుకోను. తెర మీదే పని చేయాల్సిన సర్వర్లు ఏవో ముందే గుర్తించాలి. వాటిలో కనీసం నరేటర్, ఆడియో సర్వీస్ సిద్ధంగా ఉంచాలి. సర్వర్ కుప్పకూలిన రాత్రి అనుమతి కోసం మెయిల్ రాయమంటే కుదరదు.

పాతకాపు:
విండోసే లేవకపోతే? అలాంటప్పుడు దూరం నుంచి సర్వర్‌ని చూడడానికి అందులో ఉండే రిమోట్ మేనేజ్‌మెంట్ కార్డు చూపించేది కూడా బొమ్మే. బొమ్మలోని అక్షరాలను గుర్తించే ఓసీఆర్‌తో చదివించొచ్చు గానీ, ఏ వరుస ఎంపికై ఉందో అది చెప్పదు. అక్షరాలతోనే నడిచే సీరియల్ కన్సోల్‌ని నెట్‌వర్క్ మీదుగా తెప్పించుకుని, విండోస్‌లో అత్యవసర మేనేజ్‌మెంట్ సర్వీసెస్‌ని ముందే ఆన్ చేసి ఉంచుకుంటే అక్షరాలు వస్తాయి. మీ జాబితాలో ఇదీ చేర్చండి. డొమైన్ కంట్రోలర్ల విషయంలో మాత్రం నేను కాపలా గారి పక్షమే.

తూనీగ:
సీరియల్ కన్సోల్ తప్పకుండా చేరుస్తాను. డొమైన్ కంట్రోలర్ల డెస్క్‌టాప్‌ని అందరికీ మూసేయండి, నాకేం అభ్యంతరం లేదు. నా ఒక్కడికే మూసేస్తే ఒప్పుకోను.

కాపలా_గది:
మా దగ్గర అక్కడ ఆర్‌డీపీ ఇంకా తెరిచే ఉంది. అలా ఎందుకుందో మా వాళ్లని నేనే అడగాలి.