మారుతి 800 కింద ఆయిల్ చుక్కలు: గేర్‌బాక్స్ దించాల్సిందేనా?

లెక్కల టీచర్, సింగ్‌నగర్

అందరికీ నమస్కారం. నాది 1998 మారుతి 800, కార్బురేటర్ బండి, ఏపీ 16 నంబరు. మా నాన్నగారిది. ఆయన పోయాక అమ్మడానికి మనసు రాలేదు. 2023లో రిజిస్ట్రేషన్ మళ్లీ రెన్యువల్ చేయించి నేనే నడుపుతున్నాను. రోజూ నున్నలో స్కూలుకి వెళ్లి రావడం, ఆదివారం రైతుబజారు, అంతే దాని పని.

సమస్య ఏమిటంటే, ఇంజన్ ఆయిల్ కారుతోంది. మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఈమధ్యే టైల్స్ వేశారు. నా బండి పెట్టే చోట నల్లటి మరక పడింది. అసోసియేషన్ ప్రెసిడెంట్ గారు మొదట నవ్వుతూ చెప్పారు, తర్వాత నోటీసు బోర్డుకెక్కించారు. పేరు రాయలేదు గానీ అక్కడున్న వాటిలో పాత బండి నాదొక్కటే.

సరేనని ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె విప్పి బండి కింద పరిచాను. ఎలాగూ పరిచాం కదా అని పెన్సిల్‌తో గళ్లు గీసి, చక్రాలు ఎక్కడ ఆగాయో గుర్తులు పెట్టాను. వారం చూశాను. చుక్కలన్నీ ముందు ఎడమ చక్రం పక్కన, అరచెయ్యంత మేర పడుతున్నాయి. స్కూలు నుంచి రాగానే ఎక్కువ, తెల్లారేసరికి ఆగిపోతుంది. రోజుకి మొత్తం ఏడెనిమిది చుక్కలు. బండి తీయని రోజున ఒక్కటి కూడా లేదు. డిప్‌స్టిక్ చూసినప్పుడల్లా వంటింట్లో క్యాలెండర్ మీద, పాల లెక్క పక్కనే రాసుకుంటున్నాను. మూడు వారాల్లో అర లీటరు పోశాను. నీలం పొగ లేదు, ఆయిల్ లైటు ఎప్పుడూ వెలగలేదు.

మా వీధి చివర మెకానిక్ బండి కిందకి దూరి చూసి, "వెనక ఆయిల్ సీల్ పోయింది మేడమ్, గేర్‌బాక్స్ దించాలి. ఎటూ దించుతాం కాబట్టి క్లచ్ ప్లేటు కూడా మార్చేద్దాం" అన్నాడు. 8,500 అవుతుందట.

ఇంకో సంగతి. 2024 సెప్టెంబరులో మా విజయవాడ బుడమేరు వరదకి ఈ బండి బానెట్ దాకా మునిగి, వారం పైనే నీళ్లలో ఉంది. తర్వాత ఆయిల్ రెండుసార్లు మార్పించి, పాడైన పైపులూ అవీ వేయించి స్టార్ట్ చేయించాం. ఏడాది బాగానే నడిచింది. దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో గానీ చెప్పడం మంచిదనిపించింది.

గేర్‌బాక్స్ దించమనమంటారా?

కృష్ణలంక కుర్రాడు

మేడమ్, 20డబ్ల్యూ-50 ఆయిల్ పోయించండి. చిక్కగా ఉంటుంది, కారడం తగ్గుతుంది. లీకు ఆపే మందు చిన్న డబ్బాల్లో దొరుకుతుంది, అదీ కలపండి. లేదంటే 1998 బండికి 8,500 ఎందుకండీ, స్క్రాప్‌కి ఇచ్చేయండి.

ఆటోనగర్ తాతయ్య

టీచరమ్మ గారూ, నేను చెబుతుంటే మా మనవడు టైప్ చేస్తున్నాడు. తప్పులుంటే వాడివి. ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్లకి పైగా ఈ 800లే విప్పాను.

మీరు అట్ట మీద గళ్లు గీయడం బాగుంది. ఎడమ చక్రం దగ్గరంటే ఇంజనూ గేర్‌బాక్సూ కలిసే జాయింటు వైపు. వెనక సీల్ ఆ జాయింటు లోపలే ఉంటుంది, అందుకే మీ మెకానిక్‌కి అదే అనిపించింది. కింద నుంచి చూసినవాడెవడైనా అదే అంటాడు. కానీ ఆయిల్ పైనెక్కడో బయల్దేరి కిందకి జారి, జాయింటు అంచున చుక్కవుతుంది. నడిచేటప్పుడు గాలికి వెనక్కి కూడా పాకుతుంది. చుక్క పడ్డ చోటు కాదు, తడిసిన వాటిలో అన్నిటికంటే పైనున్న చోటు వెతకాలి.

మీ బండికి సరిగ్గా ఆ గేర్‌బాక్స్ జాయింటు పైనే, హెడ్ (ఇంజన్ పై భాగం) చివర డిస్ట్రిబ్యూటర్ ఉంటుంది, ప్లగ్గులకి కరెంటు పంచేది. మేం డెల్కో అంటాం. దాని మెడకి ఓ-రింగ్ అని ఒక గుండ్రటి రబ్బరు సీలు. వయసైపోతే గట్టిపడుతుంది. అక్కడ చెమర్చిన ఆయిల్ తిన్నగా జాయింటు మీదకి దిగుతుంది. టాపెట్ కవర్, అంటే హెడ్ మీది మూత, దాని ప్యాకింగ్ ఆ మూల కారినా దారి అదే. ఈ రెండూ చూడకుండా గేర్‌బాక్స్ దించనివ్వకండి.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు డెల్కోకీ, ఆల్టర్నేటర్‌కీ పాలిథిన్ కవర్ చుట్టి, బ్రష్‌తో కిరోసిన్ గానీ డీజిల్ గానీ పూసి జిడ్డంతా కడిగించండి. పెట్రోలు వద్దు, ప్రమాదం. గుడ్డతో తుడిచి బాగా ఆరనివ్వండి, తడి ఉండగా స్టార్ట్ చేయొద్దు. తర్వాత ముఖానికి రాసుకునే పౌడర్ ఉంటుంది కదా, అది ఇంజన్ పక్కలకీ జాయింట్లకీ చల్లండి. పది కిలోమీటర్లు తిప్పి టార్చి వేసి చూడండి. తెల్లటి పౌడర్ మీద తడి గీత పై నుంచి కిందకి కనిపిస్తుంది.

వెనక సీలే పోయి ఆయిల్ క్లచ్ మీద పడుతుంటే క్లచ్ జారుతుంది. మీ సింగ్‌నగర్ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు పై గేరులో గట్టిగా తొక్కితే ఇంజన్ మోత పెరిగి బండి ముందుకు పోకపోవడం, మాడు వాసన రావడం ఉందా? లేకపోతే దాని మీద నాకు అనుమానం తక్కువ. చుక్కని వేలితో తీసి వాసన కూడా చూడండి. గేర్ ఆయిల్ అయితే గంధకం లాంటి ఘాటు ఉంటుంది.

ఇక నాకు ముఖ్యంగా అనుమానం ఉన్నది ఇంకోటి. ఏడాది బాగున్న బండి ఉన్నట్టుండి కారుతోందంటే, లోపల గాలి బిగుసుకుందేమో చూడాలి. టాపెట్ కవర్ నుంచి ఎయిర్ ఫిల్టర్ డబ్బాకి ఒక రబ్బరు పైపు వెళ్తుంది, బ్రీదర్. అది ఇంజనుకి ముక్కు లాంటిది. పిస్టన్ల పక్క నుంచి కిందకి దిగే గ్యాస్ అందులోంచే పోవాలి. అది మూసుకుపోతే లోపలి ఒత్తిడి ఎక్కడ సందు దొరికితే అక్కడ ఆయిల్‌ని బయటికి తోస్తుంది. మీరు ఎన్ని కొత్త సీళ్లు వేసినా ఇంకో చోట కారుతుంది. ఇంజన్ ఐడ్లింగ్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తీసి, ఆ మూతికి పలచని పాలిథిన్ కవర్ పట్టండి. కొంచెం కదలడం మామూలే. బుడగలా ఉబ్బితే ఆ పైపుని కవర్ దగ్గర ఊడదీసి మళ్లీ చూడండి. ఉబ్బడం తగ్గితే తప్పు పైపుది. అప్పుడూ గట్టిగానే కొడుతుంటే పిస్టన్ రింగులరిగి గ్యాస్ ఎక్కువగా కిందకి దిగుతున్నట్టు (బ్యాక్ కంప్రెషన్ అంటాం), అప్పుడు వేరే లెక్క. ఈ పని చేసేటప్పుడు చీర కొంగు బెల్టుకి దూరంగా దోపుకోండి, రేడియేటర్ ఫ్యాన్ దానంతటదే తిరుగుతుంది.

చిక్కటి ఆయిల్ పోయమన్న బాబుకి: గట్టిపడ్డ రబ్బరు చిక్కటి ఆయిల్‌తో మెత్తబడదు. డబ్బా మందు సీలుని కొంచెం ఉబ్బిస్తుంది, నాలుగు రోజులు ఆపొచ్చు. లోపల ఒత్తిడి ఉంటే అదీ ఆగదు.

బ్రాడీపేట 800

నాదీ గుంటూరులో ఇదే కథ, కాకపోతే నేను డబ్బులు కట్టాక తెలుసుకున్నాను. విజయవాడ వెళ్తూ కాజ టోల్ దగ్గర ఆగితే బానెట్ లోంచి మాడిన నూనె వాసన. మెకానిక్ వెనక సీల్ అన్నాడు, నేను తలూపాను. గేర్‌బాక్స్ దించారు, కొత్త సీల్, కొత్త క్లచ్ ప్లేటు, 7,000. పది రోజులకి మళ్లీ అదే చుక్క, అదే చోట. చివరికి డెల్కో ఓ-రింగే.

విప్పిన పాత క్లచ్ ప్లేటు ఇంటికి తెచ్చుకున్నాను. దాని మీద నూనె చుక్కే లేదు. ఆ రోజే అడగాల్సింది, తట్టలేదు. ఇప్పుడు అది మా డాబా మీద తులసికుండీ కింద ఉంది.

ఒక జాగ్రత్త: డెల్కో పీకే ముందు అది ఏ కోణంలో ఉందో బాడీ మీదా హెడ్ మీదా కలిపి ఒక గీత గీయమనండి. లేకపోతే టైమింగ్ మారిపోయి బండి లాగదు. నాది అలా రెండోసారి కూడా వెళ్లాల్సొచ్చింది.

లెక్కల టీచర్, సింగ్‌నగర్

తాతయ్య గారికి నమస్కారాలు. ఈ ఆదివారం అంతా ఇదే పని.

కిరోసిన్ దొరకలేదు, డీజిల్ లీటరు తెచ్చాను. మా మేనల్లుడు బ్రష్‌తో, నేను పాత టూత్‌బ్రష్‌తో. జిడ్డు కింద నాన్నగారు ఎప్పుడో సున్నంతో రాసుకున్న గుర్తొకటి కనిపించింది. దేనికో తెలియదు, చెరపకుండా వదిలేశాను. పౌడర్ చల్లి నున్న దాకా వెళ్లి వచ్చాం. బానెట్ ఎత్తితే ఇంజనంతా పౌడర్ రాసుకున్న పెళ్లికొడుకులా ఉంది, డెల్కో మెడ నుంచి మాత్రం వేలెడు వెడల్పు తడి చార గేర్‌బాక్స్ జాయింటు దాకా దిగింది. టాపెట్ కవర్ అంచున కూడా అదే మూల చెమ్మ. జాయింటు కింద విడిగా వేరే తడి లేదు. ఫ్లైఓవర్ మీద క్లచ్ జారలేదు.

తర్వాత పాలిథిన్ కవర్. పట్టీ పట్టగానే పూరీలా పొంగింది! బ్రీదర్ పైపు ఊడదీశాక చూస్తే మెల్లగా కదిలిందే తప్ప పొంగలేదు.

ఆ పైపు చూసి ఆశ్చర్యపోయాను. బయటికి కొత్తగా, నల్లగా, ఏ చీలికా లేకుండా ఉంది. వరద తర్వాత వేసింది. వంపు దగ్గర నొక్కితే మెత్తగా, ఉడికిన చేమదుంపలా ఉంది. బ్లేడుతో నిలువునా కోశాం. లోపలి పొర ఆయిల్ పీల్చి ఉబ్బిపోయి, రెండు వైపుల నుంచీ కలిసిపోయింది. బొటనవేలు పట్టాల్సిన చోట అగ్గిపుల్ల దూరలేదు. వరదలో బురద పేరుకుందేమో అనుకున్నాను గానీ బురద లేదు, రబ్బరే మూసేసింది.

ఆటోనగర్ తాతయ్య

అది నీళ్ల పైపమ్మా. రేడియేటర్ వైపు వాడే రబ్బరు. వేడి నీళ్లకి ఏళ్ల తరబడి ఆగుతుంది, ఆయిల్ ఆవిరి తగిలితే ఇలా ఉబ్బుతుంది. వరదప్పుడు షాపుల్లో ఏది దొరికితే అది కోసి వేసినవాళ్లు చాలామంది, ఆ రోజుల్లో ఎవర్నీ అనడానికి లేదు. ఆయిల్‌కి తట్టుకునే పైపని చెప్పి అడగండి, కొలతకి పాతది తీసుకెళ్లండి.

ముందు పైపు, తర్వాత ప్యాకింగ్, ఓ-రింగ్. మూడూ ఒకే రోజు చేయించుకోండి. టాపెట్ కవర్ నట్లు బలం కొద్దీ బిగించనివ్వకండి, కవర్ వంగుతుంది, వంగితే కొత్త ప్యాకింగ్ కూడా కారుతుంది. సిలికాన్ పేస్ట్ బొద్దుగా పూస్తానంటే వద్దనండి. లోపలికి ఊడిపడ్డ ముక్కలు ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే ఛాంబర్‌లో, ఆయిల్ పీల్చే జాలీకి అడ్డం పడతాయి.

లెక్కల టీచర్, సింగ్‌నగర్

అయిపోయింది. మా వీధి చివరి మెకానిక్ దగ్గరే చేయించాను. కోసిన పైపు చూపిస్తే కాసేపు తిప్పి తిప్పి చూసి, "ఇది నేనే వేశాను మేడమ్" అన్నాడు. కూలి తీసుకోనన్నాడు, నేనే బలవంతంగా 300 ఇచ్చాను. పైపు, ప్యాకింగ్, ఓ-రింగ్ కలిపి సామాను 410. పాత ఓ-రింగ్ వంచితే గాజుముక్కలా టక్కున విరిగింది. గీత గీసే డెల్కో తీశాడు, బ్రాడీపేట వారికి థాంక్స్. స్క్రాప్ అన్న తమ్ముడికి కూడా కోపం లేదు.

కొత్త అట్ట పరిచి పన్నెండు రోజులైంది. మొదటి రెండు రోజులు నాలుగు చుక్కలు పడ్డాయి, మూలల్లో మిగిలిన పాత ఆయిల్ అయ్యుంటుంది. తర్వాత గళ్లన్నీ ఖాళీ. డిప్‌స్టిక్ మీద మట్టం అలాగే ఉంది.

ఒక్కటే మిగిలింది, టైల్స్ మీద పాత మరక. సబ్బుపొడికి పోలేదు.

ఆటోనగర్ తాతయ్య

ముగ్గుపిండి మందంగా పోసి, చెప్పుకాలితో బాగా నూరి, రాత్రంతా వదిలేయండి. పొద్దున ఊడ్చి మళ్లీ పోయండి. రెండు మూడు సార్లకి పీలుస్తుంది. ఊడ్చింది కాలవలో వేయకండి, చెత్తబండికివ్వండి.

లెక్కల టీచర్, సింగ్‌నగర్

పోశాను. రెండో రోజుకే సగం తగ్గింది. ప్రెసిడెంట్ గారు పొద్దున్నే చూసి, "పార్కింగ్‌లో ముగ్గేమిటండీ, పండగా?" అన్నారు.