జిమ్నీకి 30 ఎంఎం స్పేసర్లు: వేయించాలా, వద్దా?

పాలమూరు జిమ్నీ:
అందరికీ నమస్తే. 2023లో కొన్న మారుతి జిమ్నీకి పోయిన నెల వెడల్పు టైర్లు వేయించాను. ఇప్పుడు స్టీరింగ్ పూర్తిగా తిప్పితే ముందు టైరు లోపలి అంచు రేడియస్ ఆర్మ్‌కు (ఇరుసును ఛాసిస్‌కు పట్టి ఉంచే కడ్డీ) రాసుకుంటోంది. కోయిల్‌సాగర్ దిక్కు రాళ్లలో తిరిగొచ్చి చూస్తే రబ్బరు చెక్కుకుపోయి ఉంది. టైర్ల షాపు అన్న 30 ఎంఎం వీల్ స్పేసర్లు, అంటే ఇరుసు చివరి హబ్‌కూ రిమ్‌కూ మధ్య పెట్టి చక్రాన్ని బయటికి జరిపే దిమ్మలు, వేస్తే సరిపోతుందంటున్నాడు. చక్రం ఊడిపోతుందని నాన్నకు ఒకటే టెన్షన్. వాడినవాళ్లు చెప్పండి.

చెల్కల జిప్సీ:
వేయించు తమ్మీ. నా జిప్సీకి నాలుగేళ్లుగా అవే ఉన్నాయి. జిప్సీకైనా జిమ్నీకైనా ఐదు స్టడ్లు (చక్రం నట్లు ఎక్కే బోల్టులు), అవి ఉన్న వలయం వ్యాసం, అంటే పీసీడీ, 139.7 ఎంఎం, మధ్య రంధ్రం 108. పక్కకు 30 చొప్పున మొత్తం 60 ఎంఎం వెడల్పు పెరుగుతుంది, ఒర్రె దాటేటప్పుడు బండి ఒక పక్కకు వాలినా గుండె జల్లుమనదు.

దేవరకొండ రోడ్డు:
వద్దు. నేను పాత జీపు ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. స్పేసర్లు ఉన్న సంగతి అమ్మినాయన చెప్పలేదు. డిండి నుంచి దేవరకొండ వస్తుంటే మొదట చప్పుడు వచ్చింది, టైరులో రాయి ఇరుక్కుందేమో అనుకున్నా. రెండు కిలోమీటర్లు పోయానో లేదో వెనక ఎడమ చక్రం ఊడి పత్తి చేలోకి పోయింది. పక్క సీట్లో మా అమ్మ. తెగిన స్టడ్లు ఇప్పటికీ డబ్బాలో దాచి పెట్టాను. తెగిన చోట సగం తుప్పు రంగు, సగం కొత్త ఇనుములా మెరుపు. అంటే ఆ పగులు ఎన్నాళ్ల నుంచో నడుస్తోంది, ఆ రోజు పూర్తిగా తెగింది.

ఒర్రె దాటినోడు:
అమ్మకు ఏం కాలేదు కదా అన్నా?

చెల్కల జిప్సీ:
ఒక్కటి అడుగుతా. నీ జీపుకు ఉన్నది బండి స్టడ్లకే తొడిగే ఉత్త ప్లేటా, హబ్‌కు విడిగా బిగించే సొంత స్టడ్లున్న స్పేసరా? ప్లేటు అయితే దానికీ నేను చెప్పేదానికీ సంబంధం లేదు.

దేవరకొండ రోడ్డు:
అమ్మకు భుజం వాచింది, అంతే, దేవుడి దయ. ఉన్నది ప్లేటే. అయితే ఏంది? చక్రం బయటికి జరిగితే బేరింగ్ మీద బరువు పెరగదా, గుంటలో పడ్డప్పుడు స్టీరింగ్ చేతిలోంచి గుంజుకోదా?

లేత్ పనివాడు:
ప్లేటు సంగతి నేను చెప్తా, ఇది నా రోజు పని. స్టడ్ 12 ఎంఎం, మర పిచ్ 1.25. 5 ఎంఎం ప్లేటు పెట్టావంటే నట్టు పట్టే చుట్లలో నాలుగు పోయినట్టే. కనీసం స్టడ్ లావంత, అంటే 12 ఎంఎం, తొమ్మిది పది చుట్లు పట్టాలి. చక్రాన్ని మోసేది స్టడ్ కాదు, నట్టు బిగువుకు రెండు ముఖాలు ఒకదాన్నొకటి పట్టుకునే పట్టు. ఆ పట్టు సడలితే చక్రం తిరిగిన ప్రతిసారీ స్టడ్ అటూ ఇటూ వంగుతుంది, చివరికి తెగుతుంది. హబ్ మీద ఎర్రమట్టి పొర ఉండగానే బిగిస్తే నాలుగు రోజులకు ఆ మట్టి రాలి బిగువు పోతుంది. మా దగ్గరికి స్పేసర్ చేసివ్వమని వస్తారు, నేను చెయ్యను.

చెల్కల జిప్సీ:
చూశారా, తప్పు ప్లేటుదే. బేరింగ్ అంటావా, ఆఫ్‌సెట్ తక్కువున్న రిమ్, అంటే చక్రాన్ని బయటికి జరిపే రిమ్, వేసినా అంతే బరువు పడుతుంది, దాన్ని ఎవరూ అనరు. జర్మనీలో పరీక్ష చేసి సర్టిఫికెట్ ఇచ్చిన స్పేసర్లు రోడ్డు మీద తిరుగుతున్నాయి.

కేసు కాగితం:
ఇది జర్మనీ కాదు. బండిని కంపెనీ ఇచ్చిన తీరు నుంచి మార్చడం గురించి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చూడండి. 182ఎ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. ప్రమాదమైతే ఇన్సూరెన్స్ వాళ్లు మొదట పట్టుకునేది ఇదే.

చెల్కల జిప్సీ:
ఆ లెక్కన పెద్ద టైర్లేసిన ప్రతి ఒక్కడూ జైల్లో ఉండాలి. ఒకడు నాసిరకం ప్లేటు కొనుక్కుని పడ్డాడని మా అందరికీ నీతులా?

దేవరకొండ రోడ్డు:
నేను కొనుక్కోలేదు. చెప్పిందే చెప్పించకు. కొన్నది ఇంకొకడు, పడ్డది మేము. నీ స్పేసర్‌లో లోపలి ఐదు నట్లు హబ్‌కు బిగిస్తారు, వాటి మీద రిమ్ వస్తుంది. చక్రం విప్పితే తప్ప అవి కనపడవు. నాలుగు చక్రాలకు 20 నట్లు కంటికి కనపడకుండా ఉన్నాయి. నువ్వు చూసుకుంటావు, సరే. రేపు నీ తమ్ముడు తోలితే? పంచర్ షాపు పిల్లగాడు బయటి నట్లు బిగించి పంపిస్తే? నువ్వు అమ్మితే కొన్నవాడికి ఎవరు చెప్తారు? నా కోపం 30 ఎంఎం ఇనుప ముక్క మీద కాదన్నా. చెప్పకుండా ఇచ్చారు, దాని మీద.

లేత్ పనివాడు:
ఈ మాట మొదలే అనుంటే ఇంత గొడవ లేకపోవు.

చెల్కల జిప్సీ:
నిన్న జవాబు రాయలేదు. పొద్దున జాకీ పెట్టి నాలుగు చక్రాలూ విప్పాను. వెనక కుడి లోపలి నట్టు ఒకటి, టార్క్ రెంచ్ (బిగువు కొలిచే పానా) 100 న్యూటన్ మీటర్లకు పెడితే, పావు చుట్టు తిరిగింది, అంటే వదులైంది. చివరిసారి చూసింది దసరాకు ముందు. స్పేసర్లు తీసెయ్యను, నా మాట అదే. కానీ డాష్‌బోర్డు మీద పెయింట్‌తో రాసి పెట్టాను: స్పేసర్లు ఉన్నాయి, లోపలి నట్లు చూడాలి. మీ అమ్మగారి విషయంలో ప్లేటా కాదా అని పట్టుకుని కూర్చున్నా, క్షమించు.

దేవరకొండ రోడ్డు:
సరే అన్నా. 100 కిలోమీటర్లు తోలి మళ్లీ విప్పి చూడు.

పాలమూరు జిమ్నీ:
మా బండి సగం రోజులు నాన్నే తోలుతాడు, జడ్చర్ల మార్కెట్‌కు వడ్లు తీసుకుపోతాడు. నెలనెలా చక్రాలు విప్పమంటే ఆయన వల్ల కాదు. స్టీరింగ్ తిరగడాన్ని కొద్దిగా ఆపే బోల్టు ఉంటుందట కదా, ముందు అది సరి చేయించి చూస్తా. దానివల్ల యూటర్న్‌కు ఎంత చోటు ఎక్కువ పడుతుందో చేయించినవాళ్లు ఎవరైనా చెప్తారా?