డీన్ గారి శనివారం మీటింగ్ సూపర్‌విజన్ కింద లెక్కేనా? కౌన్సిలర్‌కి సూపర్‌వైజర్ ఎవరు ఉండాలి?

ప్రశ్న (కాలేజీ కౌన్సిలర్, విజయవాడ)

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ కౌన్సెలింగ్ సైకాలజీ అయ్యాక ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో స్టూడెంట్ కౌన్సిలర్‌గా చేస్తున్నాను, సాయంత్రాలు ఆన్‌లైన్‌లో కొద్దిమంది ప్రైవేటు క్లయింట్లను చూస్తాను. కాలేజీలో మా డీన్ గారు ప్రతి శనివారం కూర్చోబెట్టి ఎంతమంది వచ్చారు, ఏ బ్రాంచ్ వాళ్లు, ఎవరి పరిస్థితైనా సీరియస్‌గా ఉందా అని అడుగుతారు, ఆయన మంచివారే, కానీ దాన్ని రిజిస్టర్‌లో "సూపర్‌విజన్" అని రాయిస్తారు. సూపర్‌విజన్ అంటే ఒక సీనియర్ దగ్గర మన కేసుల గురించి మాట్లాడి, మన పని సరిచూసుకోవడం కదా, నిజంగా ఇది అదేనా?

బయట ఒక సీనియర్‌ని అడిగితే గంటకి చెప్పిన ఫీజు నేను ఇద్దరు క్లయింట్ల దగ్గర తీసుకునేంత ఉంది. అంత పెట్టి చేయించుకోవడం అవసరమా? పైగా క్లయింట్ చెప్పింది ఇంకొకరికి చెబితే గోప్యత పోయినట్టు కాదా?

ఇంకోటి, అసలు టెన్షన్ దీని గురించే. నాకో పెద్దావిడ క్లయింట్ ఉన్నారు. ఎప్పుడు మాట్లాడినా టైమ్ దాటిపోతుంది, చివరికి "నువ్వే చెప్పమ్మా, ఏం చేయమంటావో" అంటారు. ఆవిడ సెషన్ ఉన్న రోజు పొద్దున్నుంచే నాకు భారంగా ఉంటోంది. ఏం చేయాలో చెప్పండి ప్లీజ్.

జవాబు (స్కూల్ కౌన్సిలర్, గుంటూరు)

డీన్ గారిది రిపోర్టు తీసుకోవడం. మీ జీతం, మీ లీవు, మీ కాంట్రాక్టు రెన్యువల్ ఎవరి చేతిలో ఉన్నాయో ఆ మనిషి ముందు "సర్, ఈ పిల్లాడి దగ్గర నాకు చిరాకొస్తోంది, ఏం మాట్లాడాలో తెలియట్లేదు" అని చెప్పగలరా? చెప్పలేరు. ఇక అక్కడ సూపర్‌విజన్ ఎక్కడుంది! రిజిస్టర్‌లో వేరే పేరు పెట్టమనండి చాలు, గొడవ పెట్టుకోకండి.

జవాబు (సైకోథెరపిస్ట్, హైదరాబాద్)

అమ్మా, మీరు మూడు సంగతులు కలిపి అడిగారు. ముందు తేలికది తేల్చేస్తాను.

అవసరమా అంటే, మన దేశంలో ప్రతి కౌన్సిలరూ సూపర్‌విజన్ చేయించుకు తీరాలనే చట్టం లేదు. ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) గుర్తింపు ఉన్న ఎం.ఫిల్. క్లినికల్ సైకాలజీలో పర్యవేక్షణ కింద పనిచేయడం కోర్సులోనే భాగం, అది చేసి వచ్చినవాళ్లకి కనీసం ఆ రుచి తెలుసు. ఎమ్మెస్సీ నుంచి నేరుగా ఉద్యోగంలోకి వచ్చినవాళ్లు చాలామందికి అదీ ఉండదు. మీకు చూడటానికి పైన ఎవరూ లేరు కాబట్టే మీకు అవసరం ఎక్కువ అని నా అభిప్రాయం. 1980ల్లో బ్రిటన్‌లో బ్రిజిడ్ ప్రోక్టర్ అనే ఆవిడ సూపర్‌విజన్‌కి మూడు పనులున్నాయని చెప్పారు: పని నేర్పించడం, పద్ధతి తప్పకుండా చూడటం, పనిచేసే మనిషి అలిసిపోకుండా నిలబెట్టడం. మీ డీన్ గారు రెండోదాంట్లో ఓ చిన్న ముక్క చేస్తున్నారు, అదీ కాలేజీ కోసం.

గోప్యత సంగతి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లో 23వ సెక్షన్ గోప్యత గురించే. ఆ చట్టం చెప్పినా చెప్పకపోయినా మన పనికి అదే పునాది. అందుకే మొదటి సెషన్‌లోనే సమ్మతి పత్రంలో ఒక వాక్యం ఉండాలి: "నా పని సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి ఒక సీనియర్‌తో చర్చిస్తాను, మీ పేరూ మిమ్మల్ని గుర్తుపట్టే వివరాలూ చెప్పను." ఇప్పటికే చూస్తున్న క్లయింట్లకి వచ్చే సెషన్‌లో చెప్పండి. నాకు తెలిసి దీనికి అభ్యంతరం చెప్పేవాళ్లు అరుదు, చాలామంది "హమ్మయ్య, మిమ్మల్ని చూసేవాళ్లు కూడా ఉన్నారన్నమాట" అంటారు. కానీ పేరు తీసేస్తే సరిపోతుందనుకోకండి. విజయవాడ లాంటి ఊళ్లో "బీసెంట్ రోడ్‌లో బట్టల షాపు వాళ్ల రెండో కోడలు" అన్నాక ఇంక పేరు దేనికి?

పెద్దావిడ కేసు గురించి విడిగా రాస్తాను, అది నాలుగు ముక్కల్లో అయ్యేది కాదు.

జవాబు (లీడ్స్, బ్రిటన్)

మాకు ఇక్కడ బీఏసీపీ (బ్రిటన్‌లో కౌన్సిలర్ల, సైకోథెరపిస్టుల సంఘం) అక్రిడిటేషన్, అంటే గుర్తింపు ఉంటే నెలకి కనీసం గంటన్నర సూపర్‌విజన్ ఉండాలి, ఎంత అనుభవం ఉన్నా సరే. తల నెరిసినవాళ్లు కూడా వెళ్తారు. మనవైపు "నేర్చుకునేవాళ్లకే సూపర్‌విజన్" అనే అభిప్రాయం ఒకటి ఉంది, అది పోవాలి.

జవాబు (సైకోథెరపిస్ట్, హైదరాబాద్)

ఇప్పుడు పెద్దావిడ సంగతి. ఆవిడకేం సలహా ఇవ్వాలో నేను ఇక్కడ చెప్పను. ఆవిడ కథ మొత్తం ఇక్కడ పెట్టొద్దు కూడా, ఈ గ్రూపు ఎంతమంది చదువుతున్నారో మనకి తెలియదు. సూపర్‌విజన్‌కి దీన్ని ఎలా తీసుకెళ్లాలో మాత్రం చెప్తాను.

చాలామంది కొత్తవాళ్లు కేసు చరిత్రంతా పట్టుకొస్తారు, పెళ్లెప్పుడు, పిల్లలెంతమంది, ఆస్తి గొడవేంటి... సగం గంట అక్కడే అయిపోతుంది. మీరు ఆఖరి పది నిమిషాలు మాత్రం తీసుకెళ్లండి. సెషన్ అవగానే కూర్చుని కాగితం మధ్యలో గీత గీసి, ఎడమవైపు ఎవరేం అన్నారో గుర్తున్నంతవరకూ ఉన్నదున్నట్టు తెలుగులోనే రాయండి, కుడివైపు ఆ క్షణంలో మీలో ఏం జరిగిందో రాయండి. ఉదాహరణకి ఇలా (కల్పించి రాస్తున్నాను):

ఆవిడ: "టైమైపోయిందా అమ్మా? ఒక్క మాట చెప్పి పెట్టేస్తాను."
నేను: "పర్లేదండీ, చెప్పండి." — (గడియారం చూశాను. ఆపితే "నువ్వూ మా కోడలి లాంటిదానివే" అంటుందేమోనని భయం.)
ఆవిడ: "నువ్వే చెప్పు, ఊరెళ్లిపోనా, ఇక్కడే పడి ఉండనా?"
నేను: "మీకేం అనిపిస్తోంది?" — (అడిగాను గానీ జవాబు వినే ఓపిక లేదు. కోపం వచ్చింది.)

మంచి సూపర్‌వైజర్ ఎడమవైపు కంటే కుడివైపు ఎక్కువసేపు ఆగుతారు. ఆ "పర్లేదండీ" ఎవరి కోసం అన్నారు? ఆవిడ ఇంట్లో కూడా అందరూ ఇలాగే లోపల విసుక్కుంటూ పైకి పర్లేదంటున్నారా? ఆపితే ఏమవుతుందని మీ ఇద్దరికీ భయం? ఇలా కాసేపు తవ్వితే, టైమ్ దాటడం అనేది మీ క్రమశిక్షణ లోపం కాదని, ఆవిడ సమస్యే మీ గదిలోకి నడిచొచ్చిందని అర్థమవుతుంది. అప్పుడు "ఇంకో ఐదు నిమిషాలే ఉంది, ముఖ్యమైనది ఇప్పుడు చెప్పండి" అని ముందే చెప్పడం తేలికవుతుంది.

ఇంకొకటి గమనించారా? ఆవిడ మీతో "నువ్వే చెప్పమ్మా" అంటోంది, మీరు మాతో "ఏం చేయాలో చెప్పండి ప్లీజ్" అన్నారు. తప్పు పట్టడం లేదమ్మా. క్లయింట్‌కీ థెరపిస్ట్‌కీ మధ్య నడిచేది థెరపిస్ట్‌కీ సూపర్‌వైజర్‌కీ మధ్య మళ్లీ నడుస్తుందని 1955లోనే హెరాల్డ్ సియర్ల్స్ అనే మనోవిశ్లేషకుడు రాశాడు. అలా నడిచినప్పుడు పట్టుకోవడానికి కూడా ఆ రెండో మనిషి కావాలి.

మీ సొంత ఇంటి విషయం ఏదైనా ఈ కేసులో కదిలితే, సూపర్‌వైజర్ దాన్ని గుర్తించి చెప్పొచ్చు, కానీ అక్కడ మీకు థెరపీ చేయకూడదు. దానికి వేరే మనిషిని చూసుకోవాలి.

మళ్లీ ప్రశ్న (కాలేజీ కౌన్సిలర్, విజయవాడ)

సర్, ఆ "ప్లీజ్" మాట చదివి నవ్వొచ్చింది, తర్వాత కాసేపు ఆలోచనలో పడ్డాను. చాలా థాంక్స్. ఫీజు విషయం మాత్రం తేలలేదు. మా బ్యాచ్ వాళ్లం నలుగురం వాట్సాప్‌లో కేసులు మాట్లాడుకుంటాం, అది సరిపోదా?

జవాబు (స్కూల్ కౌన్సిలర్, గుంటూరు)

వాట్సాప్‌లో కేసులు రాయడం ఈరోజే ఆపేయండి. ఫోన్ ఇంట్లో ఎవరి చేతిలో ఉంటుందో, ఎవరు స్క్రీన్‌షాట్ తీస్తారో మీకేం తెలుసు? మాట్లాడుకోవాలంటే కాల్‌లో మాట్లాడుకోండి. అయినా తోటివాళ్లతో మాట్లాడుకుంటే ధైర్యం వస్తుంది గానీ, నలుగురూ ఒకే చోట తప్పుతుంటే చెప్పేవాళ్లెవరు? నలుగురూ కలిసి ఒక సీనియర్‌ని గ్రూప్ సూపర్‌విజన్‌కి అడగండి, ఫీజు పంచుకోవచ్చు. ఒక్కొక్కరికి టైమ్ తక్కువే వస్తుంది కానీ మిగతా ముగ్గురి కేసులు వినడం కూడా చదువే. బరువైన కేసు ఉన్న నెలలో మాత్రం ఒంటరిగా ఒక గంట తీసుకోండి.

జవాబు (సైకియాట్రిక్ సోషల్ వర్కర్, విశాఖ)

ఇక్కడ ఎవరూ చెప్పనిది ఒకటి. సూపర్‌విజన్ దాకా ఆగకూడని సంగతులున్నాయి. మీ కాలేజీలో ఫస్టియర్ పిల్లల్లో పద్దెనిమిది నిండనివాళ్లు ఉంటారు. వాళ్లలో ఎవరైనా లైంగిక వేధింపు గురించి చెబితే పోక్సో చట్టం (లైంగిక నేరాల నుంచి పిల్లలకి రక్షణ ఇచ్చేది), 2012లో 19వ సెక్షన్ ప్రకారం తెలిసిన ప్రతివాళ్లూ పోలీసులకి తెలియజేయాలి, చెప్పకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష ఉంది. "మా సూపర్‌వైజర్‌ని అడిగి చెప్తాను, నెలాఖరున సెషన్ ఉంది" అంటే కుదరదు. డీన్ గారు "కాలేజీ పేరు పోతుంది, ఆగు" అన్నా కుదరదు. ఈ పరిమితి కూడా పిల్లలకి మొదటి రోజే చెప్పి ఉంచాలి.

ఆత్మహత్య ఆలోచన స్పష్టంగా ఉన్నప్పుడూ అంతే. మనిషిని ఒంటరిగా వదలకుండా, ఇంట్లో ఒకరిని కలుపుకుని, సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపించాలి. రాత్రిపూట మీరు దొరకని టైమ్‌కి టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416 నంబరు క్లయింట్ దగ్గర ఉండాలి, అది ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది. అలాంటి రోజు మీరు మధ్యలో ఫోన్ చేయొచ్చా లేదా అన్నది సూపర్‌వైజర్‌ని పెట్టుకునే ముందే అడగండి, చేయొద్దన్నవాళ్లని పెట్టుకోకండి.

మళ్లీ ప్రశ్న (కాలేజీ కౌన్సిలర్, విజయవాడ)

ఆ పద్దెనిమిదేళ్ల విషయం నిజంగా తట్టలేదు మేడమ్, సోమవారమే సమ్మతి పత్రం మారుస్తాను. సీనియర్‌ని కలిసినప్పుడు ఇంకేం అడగాలి?

జవాబు (సైకోథెరపిస్ట్, హైదరాబాద్)

మొదట "మీకు సూపర్‌వైజర్ ఎవరైనా ఉన్నారా" అని అడగండి. మొహం మాడ్చుకుంటే వచ్చేయండి. డిగ్రీ ఉన్నంత మాత్రాన సూపర్‌విజన్ చేయడం వచ్చినట్టు కాదు, అది విడిగా నేర్చుకోవాల్సిన పని, ఎక్కడైనా నేర్చుకున్నారా అని అడగడంలో మర్యాద తక్కువేం లేదు. మీరు వాడే పద్ధతి, అంటే సీబీటీయో (ఆలోచనల మీదా ప్రవర్తన మీదా పనిచేసే థెరపీ) ఇంకొకటో, ఆయనకి తెలియాలి. మీ సెషన్లు తెలుగులో నడుస్తాయి కాబట్టి తెలుగు వచ్చినవాళ్లయితే మేలు, గీతకి కుడివైపు రాసింది ఇంగ్లీషులోకి మార్చేటప్పటికి సగం ఆవిరైపోతుంది. బంధువులూ స్నేహితులూ వద్దు. ఎన్ని రోజులకోసారి, ఎంతసేపు, ఫీజెంత, నోట్స్ ఎవరి దగ్గర ఉంటాయి, ఎన్నాళ్లకి చెరిపేస్తారు, మీ కాలేజీ నుంచి ఎవరైనా ఫోన్ చేసి మీ గురించి అడిగితే ఏం చెప్తారు, ఇవన్నీ ఒక పేజీలో రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టండి. మీకు ఆయన పడకపోతే ఎలా ఆపాలో కూడా అందులోనే రాయండి. సెషన్ రికార్డింగ్ వినిపించమంటే క్లయింట్ రాతపూర్వక సమ్మతి లేకుండా వద్దే వద్దు.

ఫీజు విషయంలో మొహమాటపడకుండా "కొత్తగా మొదలుపెట్టాను, తగ్గిస్తారా" అని అడిగేయండి. చాలామంది తగ్గిస్తారు. నేనూ తగ్గిస్తాను గానీ ఈ గ్రూపులో నా గిరాకీ నేనే చూసుకున్నట్టుంటుంది కాబట్టి నా దగ్గరికి మాత్రం రావొద్దు.